తాతయ్య పక్కన కూర్చున్న మనిషి

మొన్న ఒక క్రైస్తవ మందిరం ప్రతిష్ఠ ఆరాధనకు వెళ్ళాను. గోడల రంగు కొత్తగా ఉంది, బల్లల మీద వార్నిష్ ఇంకా పూర్తిగా ఆరలేదు. లోపలికి అడుగు పెట్టగానే ఆ వాసన, దానితోపాటే కోసిన చెక్క వాసన ముక్కుకు తగిలాయి. ప్రారంభ ప్రార్థనకు అందరితోపాటు తల వంచాను గానీ మనసు తాతయ్య పనిశాలకు వెళ్ళిపోయింది. అక్కడ కిటికీ కింద కూర్చుని చిత్రిక పట్టే ఒక మనిషి దగ్గర ఆగింది.

ఆయన పేరు రాయను. ఆయన ఉంటే రాయమనేవారు, తన గతం దాచుకునే మనిషి కాదు. కానీ పిల్లలున్నారు, మనవలున్నారు. అందుకని ఆయన అనే రాస్తాను.

నా చిన్నతనంలో ఆయన్ని ఎవరూ ఆయన అనేవారు కారు. ఆ పేరు పలికితే వెంటనే ఒక తిట్టు కూడా పలికేవారు. రాత్రి కుక్కలు గట్టిగా మొరిగితే అమ్మ లేచి తలుపు గడియ తడిమి చూసుకునేది. పక్కింటి వాళ్ళ కిటికీ రెక్కలు ధడేల్మని మూసుకునేవి. నిద్రపోని పిల్లలను భయపెట్టడానికి ఆ పేరే వాడేవారు. ఎవరింట్లో ఏం పోయినా పోలీసులు ముందు ఆయన గుమ్మం తొక్కేవారు, చాలాసార్లు వాళ్ళ అనుమానం నిజమే అయ్యేది. జైలుకు వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. ఒకసారి లోపల ఉండగానే ఆయన తల్లి చనిపోయింది. కన్నకొడుకు లేకుండానే సమాధి చేశారు. "ఆ తల్లికి ఇప్పటికి విశ్రాంతి దొరికింది" అని పెద్దవాళ్ళు అనుకోవడం నేను విన్నాను.

*

మందిరానికి ఆయన మొదటిసారి వచ్చిన ఆదివారం బాగా గుర్తుంది. రెండో గంట కొట్టారు, మొదటి కీర్తన మొదలైంది. పాట మధ్యలో వెనకనుంచి బల్లలు కిర్రుమన్నాయి. పాడుతున్న గొంతులు వెనక వరుస నుంచి ముందు వరుస దాకా ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. తిరిగి చూస్తే చివరి బల్ల మీద ఆయన ఉన్నాడు. బల్ల అంచున, లేచి పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. అప్పటిదాకా ఆ బల్ల మీద ఉన్నవాళ్ళు ముందు బల్లల మీదికి సర్దుకున్నారు. ఒకావిడ తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకుంది.

తాతయ్య సంఘ పెద్ద. తాతయ్య చోటు ముందు వరుసలో, కుడివైపు. పాట ఇంకా నడుస్తుండగానే తాతయ్య లేచాడు. బైబిలు చంకలో పెట్టుకుని నడవా మధ్యలోంచి వెనక్కి నడిచాడు. తాతయ్య చెప్పుల చప్పుడు అందరికీ వినబడింది. వెళ్ళి చివరి బల్ల మీద ఆయన పక్కన కూర్చుని, పాటల పుస్తకం తెరిచి, పేజీ మీద వేలు పెట్టి చూపించాడు. అతనికి చదువు రాదని తాతయ్యకు అప్పటికి తెలియదు.

కానుకల సంచి తిప్పే వేళ కూడా నాకు బాగా గుర్తు. సంచి పట్టుకున్న అతను చివరి బల్ల దాకా వచ్చి, ఆగి, ఆ బల్లను వదిలేసి తిరిగిపోబోయాడు. తాతయ్య చెయ్యి చాచి సంచి అందుకుని, పక్కనున్న మనిషి చేతుల్లో పెట్టి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఆ మనిషి దాన్ని కాసేపు అలాగే పట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. అందులో ఏమీ వెయ్యలేదు. వెయ్యడానికి తన దగ్గర ఏమీ లేదని ఆయనే తరవాతెప్పుడో మందిరంలో తన సాక్ష్యంలో చెప్పారు. "ఆ రోజు ఆ సంచి మోసినంత బరువు నా జన్మలో మొయ్యలేదు" అన్నారు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పెద్ద గొడవ. నాయనమ్మకు టెన్షన్. "పనిముట్లన్నీ పెరట్లో ఉంటాయి, వాణ్ణి ఇంటికి రమ్మంటావా?" అంది. తాతయ్య జవాబు చెప్పకుండా బైబిలు తీసి లూకా సువార్త 19వ అధ్యాయం గట్టిగా చదివాడు. జక్కయ్య సుంకపు గుత్తదారుడు. రోమా ప్రభుత్వం కోసం పన్ను వసూలు చేస్తూ, రావలసినదానికంటే ఎక్కువ గుంజుకునే వర్గానికి పెద్ద. యెరికోలో వాడంటే అందరికీ అసహ్యం. ప్రభువు ఆ ఇంట బస చేస్తానన్నప్పుడు "అందరు అది చూచి ఈయన పాపియైన మనుష్యునియొద్ద బసచేయ వెళ్లెనని చాల సణుగుకొనిరి" అని ఉంటుంది. తాతయ్య ఆ "అందరు" దగ్గర కాసేపు ఆగాడు. నాయనమ్మ ఇంకేం అనలేదు. కానీ ఆ వారమంతా పెరటి తలుపుకు రెండు తాళాలు వేసింది.

*

ఆయన రక్షణ పొందింది మందిరంలో కాదు, జైల్లో. ఆ సాక్ష్యం ఎన్నోసార్లు విన్నాను, ఎప్పుడు విన్నా ఒకచోట నా గొంతు పూడుకుపోయేది.

జైలుకు వారం వారం ఒక ముసలాయన వచ్చేవారట. సువార్త చదివి, ప్రార్థన చేసి వెళ్ళేవారు. వినడానికి వచ్చేవాళ్ళు తక్కువ. మిగతా ఖైదీలను చూడడానికి ఇంటినుంచి ఎవరో ఒకరు వచ్చేవారు, ఈయన కోసం ఎవరూ లేరు. అందుకని ఆ ముసలాయన దగ్గర కూర్చునేవాడు, ఎవరో ఒకరు తనతో మాట్లాడతారని. వాక్యం మీద ఆసక్తి ఏమీ లేదు.

ఒకరోజు లూకా 23వ అధ్యాయం చదువుతున్నారు. ప్రభువుకు కుడివైపు ఒకడు, ఎడమవైపు ఒకడు, ఇద్దరు నేరస్థులు సిలువల మీద ఉన్నారు. ఒకడు ప్రభువును దూషిస్తున్నాడు. రెండోవాడు "మనకైతే యిది న్యాయమే" అని తన తప్పు ఒప్పుకుని, "యేసూ, నన్ను జ్ఞాపకం చేసుకో" అన్నాడు. ఈయన అక్కడ అడ్డుపడి అడిగాడట: "ఆ రెండోవాడు ఏం దొంగిలించాడు?"

ముసలాయన పేజీ వెనక్కి తిప్పారు, ముందుకు తిప్పారు. "రాయలేదు నాయనా" అన్నారు.

"ఎవరింట్లో?"

"అదీ రాయలేదు."

తన మీద ఎన్ని కేసులున్నాయో, ఏ ఇంట్లో ఏం తీశాడో, ఏ తేదీనో, అన్నీ స్టేషన్లో రాసి ఉన్నాయి. ఈ దొంగ గురించి మాత్రం దేవుడు రాయించింది అతను అడిగిన మాట, ప్రభువు ఇచ్చిన జవాబు, అంతే. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు." ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లారేలోపు, ప్రార్థన ఎలా చెయ్యాలో తెలియక, ఆ దొంగ మాటే తన మాటగా చెప్పుకున్నాడు. "యేసూ, నన్ను జ్ఞాపకం చేసుకో. నేను కూడా వాడిలాంటివాణ్ణే."

రక్షణ అంటే అదే. ఇంకేమీ కలపలేదు. కలపడానికి ఆయన దగ్గర ఏముంది గనుక? మంచి పనులు లేవు, మంచి పేరు లేదు, చదువు లేదు, బాప్తిస్మం అప్పటికి లేదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో "కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని సండే స్కూల్లో మేమంతా కంఠతా పెట్టాం. కంఠతా పట్టిన మాకంటే ఆయనకే ఆ వచనం లోతు తెలుసు అనిపించేది.

*

తాతయ్య వడ్రంగి. పనిశాల ఇంటి వెనక, రేకుల కప్పు కింద ఉండేది. పొద్దున్నే రంపం చప్పుడుతోనే మాకు మెలకువ వచ్చేది. కాసేపటికి చిత్రిక పట్టే చప్పుడు, చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా రాలడం. మేం ఆ చుట్టలు ఏరుకుని చెవులకు తగిలించుకునేవాళ్ళం. సరేసు జిగురు కాస్తుంటే ఒకలాంటి ఘాటు వాసన. మధ్యాహ్నం అన్నీ ఆగిపోయి సుత్తి ఒక్కటే అప్పుడప్పుడు వినబడేది. ఇప్పుడు ఆ పనంతా యంత్రాలే చేస్తున్నాయి. ఆ చప్పుళ్ళన్నీ పోయాయి.

ఆ పనిశాలలో ఆయనకు పని ఇచ్చాడు తాతయ్య. మొదటిరోజే ఆయన చేతిలో ఉలి పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టేశాడట. "అయ్యా, దీంతో నేను తలుపులు లేపేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు. ఇప్పుడు దీంతో తలుపులు చెయ్యి" అన్నాడు తాతయ్య.

పనిశాల గోడ మీద బొగ్గుతో ఒక వచనం రాసి ఉండేది, ఎఫెసీ 4:28. "దొంగిలువాడు ఇకమీదట దొంగిలక అక్కరగలవానికి పంచిపెట్టుటకు వీలుకలుగు నిమిత్తము తన చేతులతో మంచి పనిచేయుచు కష్టపడవలెను." ఆ పత్రిక రాసిన పౌలు గారు "దొంగతనం మాను" అని చెప్పి ఊరుకోలేదు చూడండి. పని చెయ్యి అన్నారు, ఆ పైన పంచిపెట్టు అన్నారు. ఎవరి దగ్గర తీసుకోవడమే అలవాటో ఆ చేతులే ఇచ్చే చేతులు కావాలి. నాకు తెలిసి మారుమనస్సు గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన వచనం లేదు.

ఆయన అక్షరాలు నేర్చుకుంది కూడా ఆ వచనంతోనే. సాయంత్రం పని అయ్యాక, చేతులు కడుక్కుని, గోడ ముందు నిలబడి ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివేవారు. బడినుంచి వచ్చిన మేం తప్పులు దిద్దేవాళ్ళం. "దొ"ను దాటడానికే చాలా రోజులు పట్టింది. నన్ను పాపా అని పిలిచేవారు. "పాపా, ఈ ఒత్తు ఏంటమ్మా?" అని అడిగే ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఏ పేరు చెబితే పిల్లలు దుప్పటి ముసుగు పెట్టుకునేవారో ఆ మనిషికి మేం ఒత్తులు నేర్పాం. మాకు భయం ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

గోడ మీది వచనం అయిపోయాక సువార్తలు పట్టుకున్నారు. లూకా సువార్త మొత్తం ఒక్కరే చదివిన రోజున నాయనమ్మ ఆయనకు ఒక కొత్త బైబిలు ఇచ్చింది. పెరటి తలుపుకు రెండో తాళం వెయ్యడం అప్పటికే మానేసింది.

*

మా వీధిలో ఒక విధవరాలు ఉండేది. బట్టలు కుట్టి పిల్లల్ని పెంచింది. ఆవిడ కుట్టుమిషన్ ఒక రాత్రి పోయింది, తీసింది ఈయనే. ఆ మిషన్ ఆవిడకు తిండి, పిల్లల చదువు, అన్నీ. అది పోయాక ఆవిడ పడ్డ కష్టం అందరూ చూశారు.

చేతికి కాస్త డబ్బు రావడం మొదలయ్యాక ఆయన ప్రతి నెలా ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్ళేవారు. లోపలికి వెళ్ళేవారు కాదు. మెట్టు మీద డబ్బు పెట్టి, తలుపు తట్టి, దూరంగా జరిగి నిలబడేవారు. ఆవిడ వచ్చి డబ్బు తీసుకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా తలుపు వేసేది. నెల నెలా అదే తంతు. మిషన్ ఖరీదు తీరిపోయాక కూడా ఆపలేదు. "జక్కయ్య నాలుగంతలు ఇచ్చాడుగా" అనేవారు.

ధర్మశాస్త్రం ప్రకారం, తన తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నదానికి అయిదో వంతు కలిపి ఇస్తే చాలు, సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఉంది. గొర్రెను దొంగిలించి అమ్మినవాడైతే నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండం 22వ అధ్యాయం చెబుతుంది. జక్కయ్య తనే ముందుకొచ్చి ఆ ఎక్కువ లెక్క తీసుకున్నాడు, దానికి ముందే ఆస్తిలో సగం బీదలకు రాసిచ్చేశాడు. ప్రభువు అడగలేదు. ఆ ఇంటికి వచ్చినప్పుడు ప్రభువు లెక్కల పుస్తకం తెమ్మనలేదు. ముందు ప్రభువు లోపలికి వచ్చాడు, తరవాత పెట్టెలు తెరుచుకున్నాయి. ఈ వరస తారుమారు చేసి, "ముందు బాకీలు తీర్చు, తరవాత ప్రభువు దగ్గరికి రా" అని చెబితే మా పనిశాల మనిషి జైలు గోడల మధ్యే మిగిలిపోయేవాడు.

ఒకసారి సంఘంలో ఎవరో, కాస్త ఎగతాళిగానే, "సిలువ మీది దొంగ ఏం తిరిగిచ్చాడు? మీకెందుకీ బాధ?" అని అడిగారు. ఆయన వెంటనే చెప్పారు. "వాడికి టైమ్ లేదు. నాకు ఇచ్చాడు దేవుడు."

*

బాప్తిస్మం మాట వచ్చినప్పుడు సంఘ పెద్దల కూటం చాలాసేపు జరిగింది. కొంత కాలం గమనించాలని కొందరు పట్టుబట్టారు. ఇంట్లో సొత్తు పోగొట్టుకున్నవాళ్ళ బాధ కూడా చిన్నది కాదు, వాళ్ళనూ తప్పుపట్టలేను. ఫిలిప్పీలో జైలు అధికారి అర్ధరాత్రి నమ్మితే తెల్లారకముందే బాప్తిస్మం ఇచ్చారని ఒకరు గుర్తుచేశారు. ఇంకొకరు, అది పౌలు గారి కాలం అన్నారు.

అప్పుడు తాతయ్య ఆ పౌలు సంగతే ఎత్తాడు. దమస్కు దారిలో ప్రభువును కలుసుకున్న సౌలు, అంటే ఆ పౌలే, తరవాత యెరూషలేముకు వస్తే, "అతడు శిష్యుడని నమ్మక అందరును అతనికి భయపడిరి" అని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఉంది. ప్రభువును నమ్మిన మనుషుల్ని ఇళ్ళలోంచి ఈడ్చుకుపోయి చెరసాలలో వేయించినవాడు. స్తెఫనును రాళ్ళతో కొట్టేటప్పుడు బట్టలకు కాపలా ఉన్నవాడు. భయపడకపోతేనే ఆశ్చర్యం. కానీ బర్నబా అనే విశ్వాసి అతని చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తోడుకుని వెళ్ళాడు. "ఆ పూట బర్నబా లేకపోతే సౌలు ఏ గుమ్మం బయట నిలబడి ఉండేవాడో!" అన్నాడట తాతయ్య. ఈ మాట నాకు పాస్టర్ గారే చెప్పారు, నేను పెద్దయ్యాక.

బాప్తిస్మం రోజున నీళ్ళలోంచి లేచి ఆయన మొట్టమొదట వెతికింది తాతయ్య మొహం. ఒడ్డున నిలబడిన తాతయ్య తువ్వాలు విప్పి పట్టుకుని ఉన్నాడు. మేం పాడుతున్నాం. ఆ రోజు కొందరు రాలేదు.

*

ఆయన ఒక్క రోజులో దేవదూత అయిపోలేదు. అది కూడా చెప్పాలి. కోపం చాలా ఎక్కువ. పని నేర్చుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు మంచి చెక్క పాడుచేశాడని సుత్తి విసిరేశారు. అది తగలలేదు, దేవుని దయ. ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు, వారాల తరబడి కనబడలేదు. "చూశారా, మేం చెప్పలేదా?" అన్న మాట మందిరం మెట్ల మీద చాలాసార్లు వినబడింది. తాతయ్య పని మూసేసి వెతకడానికి తిరిగాడు. ఒక సత్రం అరుగు మీద దొరికారు. "నేను మారలేదయ్యా, నాకు ఈ దారి వద్దు" అన్నారట.

ఇంటికి తీసుకొచ్చాక తాతయ్య ఆయనకు జాన్ న్యూటన్ కథ చెప్పాడు. నేను పక్కన కూర్చుని చెక్క పొట్టుతో ఆడుకుంటూ విన్నాను. న్యూటన్ ఇంగ్లండు నావికుడు, బూతులకు పేరు పడ్డవాడు. బానిసల వ్యాపారంలో తిరిగినవాడు. 1748లో తుఫానులో ఓడ పగిలి నీళ్ళు లోపలికి వస్తుంటే ప్రభువును కరుణించమని మొరపెట్టుకున్నాడు. మేమంతా పాడుకునే "అమేజింగ్ గ్రేస్" రాసింది ఆయనే, 1779లో అచ్చయింది.

తాతయ్య నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఆ రోజు ఆయనకు చెప్పాడు. తుఫానులో మొరపెట్టుకున్న తరవాత కూడా న్యూటన్ బానిసల ఓడలు నడిపాడు, కెప్టెన్‌గా కూడా పనిచేశాడు. 1754లో ఆరోగ్యం దెబ్బతిని సముద్రం వదిలాడు. 1764లో పాదిరి అయ్యాడు. ఆ వ్యాపారం ఎంత ఘోరమో, అందులో తన పాత్ర ఎంత సిగ్గుచేటో బహిరంగంగా రాసింది 1788లో. అంటే తుఫాను తరవాత నలభై ఏళ్ళకు. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం చేసిన 1807లోనే న్యూటన్ కన్నుమూశాడు.

"అంతకాలం పట్టిందా?" అన్నారు ఆయన.

"పట్టింది. పట్టినన్నాళ్ళూ ఆ ఓడల్లో మనుషులు చచ్చారు. అందుకే మనం తొందరపడాలిరా. కానీ దేవుడు ఆయన్ని వదిలెయ్యలేదు. నువ్వు వెళ్ళిపోతే వదిలేసినవాడివి నువ్వవుతావు, ఆయన కాదు."

మర్నాడు ఆయన ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళి తల్లిదండ్రుల ఎదుట క్షమాపణ అడిగారు. తరవాత కూడా కోపం వచ్చేది. వస్తే పనిముట్టు కింద పెట్టి బయటికి వెళ్ళి, పెరట్లో అటూ ఇటూ నడిచేవారు. పెదవులు కదిలేవి. కొన్నాళ్ళకు ఆ నడక కూడా తగ్గింది.

*

మారిన రోజునుంచి ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది. పరాయి తాళం ముట్టుకోకూడదు. తాళంచెవి పోగొట్టుకుని ఎవరు బతిమాలినా, డబ్బులిస్తామన్నా, "అది నావల్ల కాదు" అని చెప్పేసేవారు. పనిశాల తాళం కూడా తాతయ్యే తీయాలి.

ఒక వానాకాలం సాయంత్రం ఆ విధవరాలి మనవడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆవిడ తలుపు వేసుకుని బయటికొచ్చింది, చెవి లోపల ఉండిపోయింది. లోపల ఉయ్యాల్లో పసిబిడ్డ ఏడుస్తోంది. "మామ్మ మిమ్మల్ని రమ్మంది" అన్నాడు. తాతయ్యను అనుకున్నాం అందరం. "మీరు కాదు, ఆయన" అన్నాడు వాడు.

ఆయన కదల్లేదు. తాతయ్య ఉలి తీసి చేతికిచ్చి, "వెళ్ళు" అన్నాడు.

మేమంతా వెనకే వెళ్ళాం. ఆవిడ మెట్ల మీద తడుస్తూ నిలబడి ఉంది, ఆయన ఎన్నో ఏళ్ళుగా డబ్బు పెడుతున్న మెట్లవి. గడియ తీయడానికి ఎంతోసేపు పట్టలేదు. తలుపు తెరిచి, అలవాటుగా దూరంగా జరగబోయారు.

"లోపల చీకటిగా ఉంది. ముందు నువ్వెళ్ళి లైటు వెయ్యి, అబ్బాయీ" అంది ఆవిడ.

ఆయన లోపలికి వెళ్ళారు. లైటు వెలిగింది. బిడ్డను ఎత్తుకుని బయటికి తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆవిడ సంఘంలో చేరలేదు, చివరిదాకా చేరలేదు. కానీ ఆ తరవాతి నెల ఆయన డబ్బు మెట్టు మీద పెడితే తీసుకోలేదు. "ఇంక చాలు. ఇంకెవరికైనా ఇవ్వు" అంది. ఆ డబ్బుతోనే జైల్లో ఉన్నవాళ్ళ పిల్లలకు పుస్తకాలు కొనివ్వడం మొదలుపెట్టారు, బతికినన్నాళ్ళూ మానలేదు.

*

తాతయ్య పోయాక పనిశాల ఆయనే చూసుకున్నారు. సంఘ పెద్దగా కూడా ఎన్నుకున్నారు. ఒకప్పుడు కానుకల సంచి ఆయన్ని దాటించబోయినతనే ఆ పేరు ప్రతిపాదించాడు.

జైలు పరిచర్య కూడా ఆయనదే అయింది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి పాటలు పాడడానికి నన్నూ తీసుకెళ్ళారు. ఎత్తు గోడలు, ఒకదాని వెనక ఒకటి మూసుకునే గేట్లు. ఆ గేట్ల మోతకు నేను ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను. ఆయనకు ఏ గేటు ఎంతసేపట్లో పడుతుందో తెలుసు. లూకా 23 చదివారు, వేలు పెట్టి, నిదానంగా. ఆ దొంగ ఏం దొంగిలించాడో రాయలేదని చెప్పేసరికి వెనక కూర్చున్న ఒకతను తలెత్తాడు.

కూటం అయ్యాక ఒక కుర్రాడు దగ్గరికి వచ్చాడు. "అన్నా, దేవుడు క్షమిస్తాడన్నారు. నమ్ముతాను. మరి బయటికెళ్ళాక మనుషుల సంగతేంటి?"

ఆయన కాసేపు ఆలోచించారు. తేలిక మాట ఏదీ చెప్పలేదు. "మనుషులకు టైమ్ పడుతుంది, తమ్ముడూ. నన్ను నమ్మడానికి కొందరికి ఏళ్ళు పట్టింది. కొందరు నమ్మకుండానే పోయారు, వాళ్ళు పోగొట్టుకున్నది వాళ్ళకు తెలుసు. నువ్వు విడుదలైన ఆదివారం మా మందిరానికి రా. చివరి బల్ల మీద నేనుంటాను."

ఆ ఆదివారం ఏది అవుతుందో ఎవరికీ తెలియదు. అందుకని ఆయన అప్పటినుంచి ప్రతి ఆదివారం చివరి బల్ల మీదే కూర్చున్నారు. పెద్దలు ముందుకు రమ్మని పిలిచేవారు, పాస్టర్ గారు కూడా చెప్పి చూశారు. "ఒకతనికి మాటిచ్చాను" అనేవారు. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. ఆ బల్ల మీద పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చునేవారు.

ఆ కుర్రాడు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. రెండో గంట అయిపోయింది, పాట సగంలో ఉంది. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నాడు. ఆయన లేచి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టి, పాటల పుస్తకం తెరిచి పేజీ మీద వేలు పెట్టారు. కుర్రాడికి రాగం తెలియదు. ఆయనకు ఎప్పుడూ శ్రుతి నిలిచేది కాదు. ఇద్దరూ కలిసి పాడుతుంటే ముందు వరుసల్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయన గొంతు ఇంకా పెంచారు.